పలక మీద జవాబు: ఏడో తరగతి లెక్కల ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచిన వారం

ఈ ఏడాది ఏడో తరగతి లెక్కల మీద ఒక ప్రాజెక్టు పెట్టుకున్నాను. మాది తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. తరగతిలో నలభై మందికి పైగా పిల్లలు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల ప్రాథమిక పాఠశాలల నుంచి వచ్చినవాళ్లు కాబట్టి ఎవరికి ఏం వచ్చో, ఎక్కడ ఆగిపోయారో ఒక పట్టాన తెలియదు.

ప్రాజెక్టు ఉద్దేశం చిన్నదే. పిల్లలకు ఏం అర్థమైందో తెలుసుకోవడానికి పరీక్ష దాకా ఆగకూడదు. పాఠం నడుస్తుండగానే తెలియాలి, తెలిసినదాన్ని బట్టి మర్నాటి పాఠం మారాలి. ఇందులో రెండో సగమే కష్టం. పేపర్లు దిద్దడం మనందరికీ అలవాటే. దిద్దాక పాఠం మార్చుకునే తీరిక మాత్రం టైంటేబుల్లో ఎక్కడా ఉండదు.

నిజానికి చట్టం మనల్ని అడిగింది ఇదే. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) అని స్పష్టంగా ఉంది. మన సీసీఈలో నిర్మాణాత్మక మూల్యాంకనానికి (ఎఫ్‌ఏ) నాలుగు సాధనాలు ఇచ్చారు: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. ఈ నాలుగూ మంచి సాధనాలని నేను గట్టిగా నమ్ముతాను. మైకేల్ స్క్రివెన్ అనే ఆయన 1967లో నిర్మాణాత్మకం, సంగ్రహణాత్మకం అని మూల్యాంకనాన్ని రెండుగా విడదీసినప్పుడు చెప్పిన తేడా, పని జరుగుతుండగా సరిచేసుకోవడానికి చూసేది ఒకటి, పని అయిపోయాక విలువ కట్టేది ఒకటి అని. ఎఫ్‌ఏ మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించి ఊరుకుంటే అది పేరుకు నిర్మాణాత్మకం, పనికి సంగ్రహణాత్మకం అయిపోతుంది. ఈ ఏడాది ఎఫ్‌ఏని దాని అసలు పనికి వాడాలి.

బడి తెరిచాక మొదటి పనిగా ఒక చిన్న పేపర్ ఇచ్చాను. మార్కులు ఉండవని ముందే చెప్పాను. టెన్షన్ తగ్గింది, రాతలు నిజాయితీగా వచ్చాయి. ప్రశ్నలు నాలుగే. 503 లోంచి 268 తీసెయ్యి. 96ని 4తో భాగించు. 1/3, 1/4 లలో ఏది పెద్దది, ఎందుకు? 1/2 + 1/3 ఎంత?

దిద్దేటప్పుడు టిక్కులు, ఇంటూలు పెట్టలేదు. ఒకే రకం జవాబు రాసిన పేపర్లన్నీ ఒక దొంతరగా పెట్టుకుంటూ పోయాను. నాలుగో ప్రశ్నకు అన్నింటికన్నా ఎత్తుగా లేచిన దొంతర 2/5ది. పైవి పైవి, కిందివి కిందివి కలిపేశారు. మూడో ప్రశ్నకు చాలామంది 1/4 పెద్దదన్నారు. కారణం దాదాపు అందరిదీ ఒకటే: “4 పెద్దది గదా టీచర్.” రెండు ప్రశ్నల్లో తప్పుకూ మూలం ఒక్కటే. పిల్లల కళ్లకు 1/3 ఒక సంఖ్య కాదు, ఒక గీతకు పైనా కిందా ఉన్న రెండు సంఖ్యలు. మార్కులు వేసి ఉంటే నాకు కనపడేది నాలుగింటికి ఒకటి, నాలుగింటికి రెండు. దొంతరలు పెట్టబట్టి జూలైలో ఏం చెప్పాలో తెలిసింది.

మొదటి ప్రశ్న దొంతరలు వేరే సంగతి చెప్పాయి. 503లో మధ్యనున్న సున్నా దగ్గర అప్పు తెచ్చుకోవడం రానివాళ్లు కొంతమంది ఉన్నారు. వాళ్ల పేర్లు డైరీ వెనక పేజీలో రాసుకున్నాను. వాళ్ల కోసం వేరే ఏర్పాటు కావాలి.

జూన్ చివర

పలకలు తెప్పించాను.

కొంతమంది ప్లాస్టిక్ ఫైలు కవర్లో తెల్ల కాగితం పెట్టి మార్కర్‌తో రాయిస్తారు. నేను పలకే ఎంచుకున్నాను. మార్కర్ వారానికి ఎండిపోతుంది, బలపం ఊళ్లో కిరాణా కొట్టులో దొరుకుతుంది, తుడవడానికి పాత గుడ్డ ముక్క చాలు. “మేమేమన్న ఒకటో తరగతా టీచర్” అని మొదట్లో నామోషీ పడ్డారు. పలక మీద వేసింది తుడిచేస్తే పోతుందని, నోట్‌బుక్‌లో లాగా ఎర్ర ఇంకు మిగలదని తెలిసేసరికి ఆ నామోషీ పోయింది. నోట్‌బుక్‌లో ఏమీ రాయకుండా కూర్చునే వెనక బెంచీ అబ్బాయిలు పలక మీద ఏదో ఒకటి రాస్తున్నారు. ఈ ఒక్క మార్పుకే పలకలు కొన్నందుకు తృప్తి కలిగింది.

పద్ధతి ఇలా పెట్టాను. ప్రశ్న బోర్డు మీద రాస్తాను. ఎవరూ నోరు విప్పకూడదు. ఎవరి పలక వాళ్లు గుండెలకు ఆనించి పట్టుకుని రాసుకోవాలి. నేను “చూపించండి” అన్నప్పుడు అందరూ ఒకేసారి తిప్పాలి. ఒకేసారి అన్నది చాలా ముఖ్యం. ఒక్కరు ముందు చూపిస్తే ఆ జవాబు రెండు బెంచీలకు పాకిపోతుంది.

ఇంకోటి, ఆగడం. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ సైన్సు తరగతుల్లో కూర్చుని టీచర్లు ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. సగటున ఒక సెకను. ఆ సమయాన్ని మూడు సెకన్లు, ఆపైకి పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, జవాబు చెప్పేవాళ్లు పెరుగుతారని, “తెలియదు” అనడం తగ్గుతుందని 1970లలో రాశారు. మూడు సెకన్లంటే ఎంతో కాదనిపిస్తుంది. ప్రశ్న వేసి నిశ్శబ్దంగా నిలబడి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది. నేను మనసులో పది దాకా ఎక్కం చదువుకుంటున్నాను. రెండో ఎక్కం అయితే త్వరగా అయిపోతుంది, అందుకని పదమూడో ఎక్కం.

పలకలు తిప్పాక ఏం చేయాలో కూడా ముందే అనుకున్నాను. ఎక్కువమంది సరిగ్గా రాస్తే ఒకరిచేత కారణం చెప్పించి ముందుకు పోవడం. ఎక్కువమంది తప్పు రాస్తే అదే మాట మళ్లీ గట్టిగా చెప్పకుండా వేరే దారిలో చెప్పడం. సగం సగం ఉంటే పక్కవాళ్లతో మాట్లాడుకోమని చెప్పి మళ్లీ రాయించడం. ఈ మూడోది హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో తన విద్యార్థులతో మొదలుపెట్టిన పద్ధతి. ఆయన దగ్గర మీట నొక్కితే లెక్క తేలుతుంది, మా దగ్గర చూపుడు వేలితో గాల్లో లెక్కపెట్టుకోవాలి. పని అదే.

జూలై మొదటి సగం

భిన్నాలు. మూడు పీరియడ్లు కాగితం మడవడమే పని.

పాత నోట్‌బుక్ పేజీ ఒకటి తీసుకుని నిలువుగా రెండు సమభాగాలు మడిచారు. సగానికి గీతలు గీశారు. అదే కొలత ఉన్న ఇంకో పేజీని అడ్డంగా మూడు సమభాగాలు మడిచారు. మూడు మడతలు సమంగా పెట్టడం కష్టమే. కొందరు మొదట సగం, మళ్లీ సగం మడిచి ఒక భాగం చింపేసి మూడు అన్నారు. పేజీ చిన్నదైపోయింది, మొదటి పేజీతో పోల్చడానికి లేకుండా పోయింది. ఆ గొడవ మంచిదే అయింది, ఎందుకంటే ఒకే మొత్తంలోంచి తీసుకుంటేనే 1/2, 1/3 పక్కపక్కన పెట్టి చూడగలమని వాళ్లే అన్నారు.

తర్వాత ప్రశ్న: “సగం రొట్టె తిన్నావు. ఇంకో మూడో వంతు తిన్నావు. మొత్తం 2/5 రొట్టె తిన్నానంటున్నావు. 2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?” పలకలు తిప్పాక తరగతి కాసేపు కదల్లేదు. 2/5 సగం కన్నా తక్కువని తేలింది. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా? మూడో బెంచీలో ఒక అమ్మాయి “అట్ల ఎట్లయితది టీచర్, తప్పు వచ్చినట్టుంది” అంది. ఆ మాట నా నోటి నుంచి కాక ఆ అమ్మాయి నోటి నుంచి రావడమే కావలసింది. క.సా.గు. తీసి హారాలు సమానం చేయమని నేను ముందే సూత్రం చెప్పి ఉంటే లెక్క వచ్చేది, 2/5 ఎందుకు కాదో తెలిసేది కాదు.

ఆ తర్వాత రెండు మడతలూ ఒకే పేజీ మీద పెట్టించాను. నిలువుగా రెండు, అడ్డంగా మూడు, ఆరు గళ్లు. సగమంటే మూడు గళ్లు, మూడో వంతంటే రెండు గళ్లు, మొత్తం అయిదు గళ్లు, 5/6. గళ్లన్నీ ఒకే కొలత కాబట్టి లెక్కపెట్టగలిగాం. విజాతి భిన్నాలను సజాతి భిన్నాలుగా మార్చడం అంటే ఇదే అని అప్పుడు చెప్పాను. అప్పుడే పాఠ్యపుస్తకం తెరిచాం.

జూలై మూడో వారం

దశాంశాలకు వచ్చాం. ఒక ప్రశ్న తయారు చేయడానికి సాయంత్రమంతా పట్టింది. ఆ ఆలోచన ఎలా సాగిందో ఇక్కడ రాసిపెడుతున్నాను, తోటి టీచర్లకు పనికొస్తుంది.

దశాంశాల పోలికలో పిల్లలు రెండు రకాలుగా తడబడతారు. ఒక రకం: అంకెలు ఎక్కువుంటే పెద్ద సంఖ్య. 35 అయిదు కంటే పెద్దది కాబట్టి 2.35 కూడా 2.5 కంటే పెద్దదంటారు. రెండో రకం దీనికి తలకిందులు: అంకెలు ఎక్కువుంటే చిన్న సంఖ్య. వెయ్యోవంతులు వందోవంతుల కన్నా చిన్నవి కదా, కాబట్టి 0.125 చిన్నది. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన కే స్టేసీ, విక్కీ స్టైన్లీ ఈ రెండు రకాలనూ విడివిడిగా గుర్తించి చాలా ఏళ్లు పరిశీలించారు.

మామూలుగా మనం ఇచ్చే ప్రశ్న: 0.8, 0.35, 0.125 ఆరోహణ క్రమంలో రాయండి. సరైన జవాబు 0.125, 0.35, 0.8. మొదటి రకం వాళ్లు తిరగేసి రాస్తారు, దొరికిపోతారు. రెండో రకం వాళ్లు? అంకెలు ఎక్కువున్నది చిన్నదని 0.125 ముందు పెడతారు, తర్వాత 0.35, తర్వాత 0.8. జవాబు సరిపోయింది! ఆలోచన తప్పు, మార్కు పూర్తి. ఈ ప్రశ్న వాళ్లను దాచిపెడుతుంది.

అందుకని సంఖ్యలు మార్చాను: 0.4, 0.25, 0.625. సరైన క్రమం 0.25, 0.4, 0.625. అంకెలు ఎక్కువుంటే పెద్దదనుకునేవాళ్లు 0.4, 0.25, 0.625 అని రాస్తారు. అంకెలు ఎక్కువుంటే చిన్నదనుకునేవాళ్లు 0.625, 0.25, 0.4 అని రాస్తారు. మూడు ఆలోచనలకు మూడు వేర్వేరు జవాబులు. పలక తిప్పగానే ఎవరి తలలో ఏముందో కనిపించాలంటే ప్రశ్నను ఇలా కట్టాలి.

తరగతిలో ఆ ప్రశ్న వేస్తే మూడు రకాలూ వచ్చాయి. రెండో రకంలో ఇద్దరు బాగా చదివే పిల్లలున్నారు. ఇన్నేళ్లుగా వాళ్లలాంటి వాళ్లకు పూర్తి మార్కులు పడుతూ ఉండి ఉంటాయి. సంఖ్యారేఖ గీసి, సున్నాకూ ఒకటికీ మధ్య పది భాగాలు, అందులో ఒక భాగాన్ని మళ్లీ పది భాగాలు చేయించాను. డబ్బులతో పోల్చడం కూడా ప్రయత్నించాను గానీ, రూపాయి పైసలు వాళ్ల రోజువారీ వాడకంలో లేవు. యాభై పైసలు చూడని పిల్లలకు 0.25 రూపాయి అంటే ఏం తెలుస్తుంది? మీటరు టేపు పనికొచ్చింది. 0.4 మీటరు ఎక్కడ, 0.25 మీటరు ఎక్కడ, వేలు పెట్టి చూపించారు.

జూలై చివర, ఎఫ్‌ఏ-1

లఘు పరీక్ష పేపర్లు దిద్దాను. ఈసారి పిల్లలకు ఇచ్చేటప్పుడు పేపర్ మీద మార్కు వేయలేదు. మార్కులు నా దగ్గర రిజిస్టర్‌లో ఉన్నాయి. పేపర్ మీద ఒకటి రెండు వాక్యాలు మాత్రం రాశాను.

దీనికి వెనక ఒక ఆధారం ఉంది. 1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు పిల్లల్ని మూడు రకాలుగా చూశారు. కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందినవాళ్లు మెరుగుపడ్డారు, ఆసక్తి కూడా నిలిచింది. రెండూ అందినవాళ్ల పరిస్థితి మార్కులు మాత్రమే అందినవాళ్ల లాగే ఉంది. మార్కు కనిపిస్తే పిల్లవాడు వ్యాఖ్య చదవడు. మన తరగతిలోనూ రోజూ చూస్తున్నదే. పేపర్ చేతికి రాగానే “నీకెన్ని, నాకెన్ని”, ఆ తర్వాత పేపర్ సంచిలోకి పోతుంది.

వ్యాఖ్య ఎలా రాయాలన్నది నేర్చుకోవలసిన పని. “బాగా చదవాలి”, “శ్రద్ధ పెట్టు” లాంటివి రాస్తే పిల్లవాడు ఇంటికెళ్లి ఏం చేయాలి? నేను రాసినవి ఇలాంటివి:

“హారాలు కూడా కలిపావు. కాగితం మడిచి 3/4, 1/8 చూపించు. తర్వాత మళ్లీ చెయ్యి.”

“లెక్క సరే. 5/6 పెద్దదని ఎలా తెలిసింది? ఒక వాక్యంలో రాయి.”

“మూడో మెట్టు దాకా సరిగ్గా ఉంది. అక్కడ గుర్తు మారింది. ఎక్కడో వెతుకు.”

మర్నాడు ఒక పీరియడ్ మొత్తం సవరణకే ఇచ్చాను. వ్యాఖ్య చదివి, దానికి జవాబుగా అదే పేపర్ కింద చేసి చూపించాలి. చూపించాకే మార్కు చెప్పాను. పిల్లలు “మార్కులు చెప్పండి టీచర్” అని గోల చేశారు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కూడా వచ్చి అడిగారు. ఒక తండ్రికి కొడుకు పేపర్ చూపించి, వాడు మొదట ఏం రాశాడో, సవరించాక ఏం రాశాడో పక్కపక్కనే పెట్టి చూపించాను. “ఇంతకు ముందు నాకు నంబరే తెలిసేది మేడం” అన్నాడాయన. ఇక ముందు కూడా పేపర్లు ఇంటికి పంపమన్నాడు.

నలభై పైచిలుకు పేపర్ల మీద వ్యాఖ్యలు రాయడం చాలా పని. దాన్ని తగ్గించుకోవడానికి దొంతరల పద్ధతే వాడాను. ఒకే తప్పు చేసినవాళ్లందరికీ ఒకే వ్యాఖ్య. మొత్తం మీద ఆరేడు రకాల వ్యాఖ్యలతో సరిపోయింది.

ఆగస్టు

భాష గురించి రాయాలి. 2022–23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. నాకు ఆ పుస్తకం అంటే చాలా ఇష్టం. పిల్లవాడికి లెక్క రాలేదా, ప్రశ్న చదవడం రాలేదా అన్నది తేల్చుకోవడానికి అంతకన్నా మంచి సాధనం లేదు.

ఒక మాటల సమస్య ఇచ్చాను, ఇంగ్లిష్‌లో. ఒకరి దగ్గర 3/4 మీటరు రిబ్బన్, ఇంకొకరి దగ్గర 1/2 మీటరు, మొదటివాళ్ల దగ్గర ఎంత ఎక్కువ ఉంది? చాలామంది కలిపేశారు. ఎక్కువ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట కనిపిస్తే కూడిక అని పట్టేసుకున్నారు. అదే సమస్యను తెలుగు పేజీ తరహాలో రాసి ఇస్తే తప్పులు సగానికి సగం తగ్గాయి, మిగతావి అప్పటికీ ఉన్నాయి. అంటే కొందరికి ఇబ్బంది ఇంగ్లిష్, కొందరికి ఇబ్బంది లెక్కే. మందు వేరు వేరు. అప్పటి నుంచి తరగతిలో కారణం ఏ భాషలో చెప్పినా సరే అన్నాను. చెప్పాక దాన్ని రెండు మూడు ఇంగ్లిష్ మాటలతో బోర్డు మీద పెడుతున్నాం. పరీక్ష రాసేది ఇంగ్లిష్‌లో కాబట్టి అది కూడా రావాలి. కానీ ఆలోచన ముందు, మాట తర్వాత.

కారణాలు–నిరూపణ, వ్యక్తపరచడం అని మన గణితం విద్యా ప్రమాణాల్లో ఉన్నాయి. వీటికి ఎఫ్‌ఏలో మార్కులు కూడా ఉన్నాయి. పిల్లలు నోరు తెరిచి కారణం చెప్పే అవకాశం తరగతిలో ఇవ్వకుండా వాటికి మార్కులు ఎలా వేస్తాం? అందుకని జంట చర్చ మొదలుపెట్టాను. ఒక నిమిషం ఎవరికి వాళ్లు ఆలోచించాలి, రెండు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడాలి, తర్వాత తరగతికి చెప్పాలి. చెప్పేటప్పుడు తన జవాబు కాదు, పక్కవాళ్ల జవాబు చెప్పాలని షరతు పెట్టాను. దీంతో వినడం పెరిగింది. ఎప్పుడూ నోరెత్తని అమ్మాయిల ఆలోచనలు వాళ్ల స్నేహితుల నోటి ద్వారా మొదటిసారి తరగతికి వినిపించాయి. కొన్ని రోజులకు వాళ్లే “అది కాదు, నేను చెప్పింది వేరే” అని లేచి నిలబడ్డారు.

ఎవరిని అడగాలో తేల్చడానికి ఐస్‌క్రీం పుల్లల మీద పేర్లు రాయించి డబ్బాలో వేశాను. చెయ్యి ఎత్తడం మానేశాం. ప్రశ్న ముందు, ఆగడం తర్వాత, పుల్ల ఆ తర్వాత. పేరు ముందు తీస్తే మిగతావాళ్లంతా ఆలోచించడం ఆపేస్తారు.

సెప్టెంబర్

రోజూ పీరియడ్ చివర చీటీ అనుకున్నాను. చింపిన నోట్‌బుక్ కాగితం, ఒకే ప్రశ్న, పేరు, బయటికి వెళ్తూ నా బల్ల మీద పెట్టి పోవాలి. వారంలో రెండు మూడు రోజులే సాధ్యమైంది. అంతే చాలనిపించింది. స్టాఫ్ రూములో టీ తాగేలోపు మూడు దొంతరలు: వచ్చినవాళ్లు, సగం వచ్చినవాళ్లు, మళ్లీ చెప్పాల్సినవాళ్లు.

మర్నాడు మొదటి పది నిమిషాలు ఈ దొంతరల ప్రకారమే. వచ్చినవాళ్లకు ఒక గట్టి లెక్క బోర్డు మీద. సగం వచ్చినవాళ్లకు నిన్నటి చీటీ తిరిగి ఇచ్చి ఎక్కడ ఆగారో వెతకమంటాను. మళ్లీ చెప్పాల్సినవాళ్లు నా చుట్టూ, కింద చాప మీద. ఈ గుంపులు రోజుకో తీరుగా మారుతుంటాయి. నిన్న చాప మీద కూర్చున్నవాడు ఇవాళ గట్టి లెక్క చేస్తుంటాడు. అందుకే చాప దగ్గరికి రావడానికి ఎవరూ సిగ్గుపడటం లేదు. గుంపులకు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టి ఏడాదంతా అలాగే ఉంచే పద్ధతి నాకు నచ్చదు. సీ గుంపు పిల్లవాడు సీ గుంపు పిల్లవాడిగానే మిగిలిపోతాడు.

మా బడిలో సీనియర్ సార్ ఒకాయన తలుపు దగ్గర నిలబడి చూసి, “అంతా బాగుందమ్మా, సిలబస్ ఎప్పుడు అవుతది?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. సెప్టెంబర్ నాటికి కావలసిన పాఠాల్లో నేను కొంత వెనకబడి ఉన్నాను. ఎక్కడ కోత పెట్టానో ఆయనకు చెప్పాను: అభ్యాసంలో ఒకే తరహా లెక్కలు పది ఉంటే మూడే చేయిస్తున్నాం, బోర్డు మీద నేను రాసి వాళ్లు ఎత్తి రాసుకోవడం దాదాపు ఆపేశాం. వెనకబడిన పాఠాలు పూర్తిచేయడానికి అది సరిపోతుందనే నమ్మకం ఉంది. పాఠం పూర్తయిందని రిజిస్టర్‌లో రాసి, పిల్లలకు రాకపోతే ఎనిమిదిలో ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి కదా సార్, అన్నాను. ఆయన తన ఎనిమిదో తరగతికి రెండు డజన్ల పలకలు అడిగి తీసుకెళ్లారు.

దసరా సెలవుల తర్వాత

బతుకమ్మ, దసరా సెలవులు అయ్యాక వచ్చిన పిల్లలకు భిన్నాల కూడిక సగం పోయింది. ఇది అనుకున్నదే. మరచిపోవడం బడికి శత్రువేమీ కాదు. మరచిపోతుండగా గుర్తు చేసుకునే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు చేసిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టినప్పుడు మాత్రం, చదివి పుస్తకం మూసి గుర్తు చేసుకుని రాసినవాళ్లు ముందున్నారు.

ఇప్పుడు పీరియడ్ మొదలవగానే మూడు ప్రశ్నలు, పుస్తకం మూసి, పలక మీద. ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన వారానిది, ఒకటి జూలైది. మార్కులు లేవు. జవాబులు కూడా పిల్లలే దిద్దుకుంటారు. జూలై ప్రశ్న దగ్గర ఎక్కువమంది ఆగిపోతే ఆ వారం అదే ప్రశ్నను సంఖ్యలు మార్చి మళ్లీ మళ్లీ వేస్తాను. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చే పని ఈ ప్రాజెక్టులో ఇంకోటి లేదు. మొత్తంలోంచి ఒక్కటే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను.

నవంబర్, ఎస్‌ఏ-1 తర్వాత

సంగ్రహణాత్మక మూల్యాంకనం పేపర్లు దిద్దాను. జూన్‌లో వేసిన నాలుగు ప్రశ్నలూ, సంఖ్యలు మార్చి, విడిగా మళ్లీ ఇచ్చాను.

2/5 తరహా జవాబు దొంతర దాదాపు కనుమరుగైంది. భిన్నాల పోలికలో “హారం పెద్దదైతే ముక్క చిన్నది” అని తమ మాటల్లో రాసినవాళ్లు తరగతిలో ఎక్కువమంది ఉన్నారు. అయితే 5/8, 4/7 లాంటివి ఇస్తే, అంటే లవం, హారం రెండూ వేరైనప్పుడు, ఆ ఒక్క మాట సరిపోదు. అక్కడ మళ్లీ తప్పులు వచ్చాయి. “ముక్క చిన్నది” అనే మాటను సూత్రంలా పట్టుకున్నారన్నమాట. ఎన్ని ముక్కలు అన్నది కూడా చూడాలి. రాబోయే వారాల మూడు ప్రశ్నల్లో ఇది చేరింది.

జూన్‌లో డైరీ వెనక పేజీలో పేర్లు రాసుకున్న పిల్లల సంగతి. వాళ్లలో కొందరు ఇప్పటికీ తీసివేత దగ్గరే ఉన్నారు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పల్లె పిల్లల చదువు స్థాయిని పరీక్షించి 2005 నుంచి తెస్తున్న అసర్ నివేదికలు పదే పదే చెబుతున్నది ఇదే. తరగతులు పైకి పోతున్నాయి, తీసివేత, భాగహారం కింద మిగిలిపోతున్నాయి. ఏడో తరగతి పాఠంలో ఎన్ని పలకలు తిప్పించినా ఈ పిల్లలకు మూడో తరగతి లోటు పూడదు. ఇది నా ప్రాజెక్టు హద్దు, దీన్ని ఇక్కడ స్పష్టంగా రాసిపెట్టాలి. హెచ్.ఎం. గారితో మాట్లాడి ఉదయం బడి మొదలయ్యే ముందు అరగంట వాళ్ల కోసం తీసుకున్నాం. అక్కడ ఏడో తరగతి పుస్తకం తెరవం. పుల్లలు, పదుల కట్టలు, స్థాన విలువలు. వాళ్లు ఎక్కడున్నారో అక్కడి నుంచి మొదలు. చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమంలో ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఇచ్చిన సామగ్రిని అడిగి తెచ్చుకున్నాను, చక్కగా పనికొస్తోంది. 503లో సున్నా దగ్గర ఆగిపోయే అబ్బాయి నిన్న అయిదు వందల కట్టల్లోంచి ఒకటి విప్పి పది పదుల కట్టలు చేసి, అందులో ఒకటి విప్పి పది పుల్లలు చేసి, పదమూడు పుల్లల్లోంచి ఎనిమిది తీశాడు. రెండుసార్లు విప్పాలని తనే కనిపెట్టాడు. కాగితం మీదికి ఇంకా రాలేదు, వస్తుంది.

తర్వాతి పని

సామాన్య సమీకరణాల పాఠం పుస్తకం క్రమంలో ముందే రావాలి, మేం వెనక్కి జరుపుకున్నాం. మొదలుపెట్టే ముందు పలక మీద వేయబోయే ప్రశ్న సిద్ధం చేశాను: 8 + 4 = □ + 5. గడిలో ఎంత?

థామస్ కార్పెంటర్, ఆయన తోటివాళ్లు అమెరికా బడుల్లో ఇదే అడిగితే చాలామంది పిల్లలు 12 అనో 17 అనో రాశారు. 12 రాస్తే వాడికి సమానం గుర్తంటే “ఇక జవాబు రాయి” అని అర్థం. 17 రాస్తే కనిపించిన సంఖ్యలన్నీ కలిపేశాడు. 7 రాస్తే రెండు వైపులూ ఒకటే విలువ అని తెలుసు. ఆ మొదటి ఇద్దరికీ x + 5 = 12 లో పక్షాంతరం ఎంత నేర్పినా గుర్తులు మార్చే ఆటగానే ఉంటుంది.

12 దొంతర ఎత్తుగా వస్తే త్రాసుతో మొదలుపెడతాను. కిరాణా కొట్టు ఆయన పాత త్రాసు ఇస్తానన్నాడు, రాళ్లు కూడా. 17 ఎక్కువ వస్తే రెండు వైపులూ వేర్వేరు రంగు బలపాలతో రాయించి, ఒక్కో వైపు విడిగా కట్టించాలి. 7 ఎక్కువ వస్తే నేరుగా పాఠం. మూడింటికీ పాఠ్య ప్రణాళికలు రాసి పెట్టుకున్నాను. సోమవారం రెండో పీరియడ్‌లో పలకలు తిప్పాక ఏది వాడాలో తేలుతుంది.